తోడేలులో 5% కుక్క వారసత్వం ఉంటే అది తోడేలు కాకుండా పోతుందా? సంకరాల మీద ఇంత గొడవ ఎందుకు?

కొత్తచూపు
కుక్కకూ 78 క్రోమోజోములే, తోడేలుకూ 78 క్రోమోజోములే. జతకడితే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి. కుక్కను కేనిస్ లూపస్ (తోడేలు శాస్త్రీయనామం) కింద ఉపజాతిగా పెట్టేవాళ్లూ చాలామంది ఉన్నారు. అలాంటప్పుడు అడవిలో ఒక తోడేలుకు కాస్త కుక్క వారసత్వం ఉందని తేలగానే దాన్ని పట్టి స్టెరిలైజ్ చేయాలని, గుంపులోంచి తీసేయాలని ఎందుకంటారు? స్వచ్ఛమైన జాతి అనే పట్టుదలతో పెంపుడు కుక్కల ఆరోగ్యం ఎక్కడిదాకా వచ్చిందో చూశాం. అదే పట్టుదల అడవికీ తీసుకెళ్తున్నామా? ఇంకో చిరాకు. అదే జంతువు నమూనా ఒక ల్యాబ్‌కి పంపితే సంకరం అంటారు, ఇంకో ల్యాబ్‌కి పంపితే తోడేలే అంటారు. ఏది నమ్మాలి?

నిశాచరి
78 సంగతి ముందు పక్కన పెట్టండి. ఉత్తర అమెరికాలో తోడేలు లాంటి చిన్న జంతువు కొయోటీకీ 78, గోల్డెన్ జాకాల్‌కూ 78, ఇథియోపియా తోడేలుకూ 78, రేచుకుక్కకూ 78. అంకె కలిసినంత మాత్రాన జాతి ఒకటి అయిపోదు. అంకె తేడా వస్తే సంకరం పుట్టదనీ లేదు. బ్రెజిల్‌లో 2021లో బండి గుద్దితే దొరికిన ఒక ఆడజంతువుకు 76 క్రోమోజోములు తేలాయి. తండ్రి కుక్క, 78. తల్లి పంపాస్ ఫాక్స్ (దక్షిణ అమెరికా నక్క), 74. ఒక్కొక్కటి సగం ఇస్తుంది, 39కి 37 కలిపితే 76. వాటి ప్రజాతులే వేరు, అయినా పుట్టింది. రెడ్ ఫాక్స్‌కు వచ్చేసరికి 34 మాత్రమే, అంత దూరంలో ఇక జత కుదరదు.

ఎముకలగూడు
"కుక్క తోడేలు నుంచి వచ్చింది" అన్న మాటలోనూ ఒక చిక్కుంది. ఇవాళ బతికున్న ఏ తోడేళ్ల గుంపూ కుక్కకు తల్లి కాదు. మంచుయుగంలో ఉండి తర్వాత అంతరించిపోయిన తోడేళ్ల నుంచి కుక్క విడివడింది. ఇప్పటి బూడిదరంగు తోడేలు దానికి తోబుట్టువు వరస.

ఎముకల లెక్కలో ఎవరూ కాదనలేని పాత కుక్క జర్మనీలోని బాన్-ఓబర్‌కాసెల్‌లో 1914లో బయటపడింది. వయసు సుమారు 14,200 ఏళ్లు. మనుషుల సమాధిలోనే ఉంది. ఏడు నెలలు కూడా నిండని కూన. దాని పళ్ల ఎనామెల్ మీద అడ్డగీతల్లాంటి లోపాలు ఉన్నాయి. చిన్నప్పుడు డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే వైరస్ జబ్బు) లాంటి తీవ్రమైన జబ్బు చేసి కోలుకుందనడానికి అవి గుర్తులు. ఆ జబ్బులో కూనకు ఎవరో ఒకరు తిండీ నీళ్లూ పట్టకపోతే బతకదు. అంతకుముందు కుక్కలవని చెప్పే బెల్జియం గోయె పుర్రె, సైబీరియా ఆల్టాయ్ పుర్రె మీద వాదన ఇంకా తెగలేదు. మూతి కాస్త పొట్టిగా ఉన్నంత మాత్రాన కుక్క అని తేల్చేయలేం, తోడేళ్లలోనూ ఆ తేడాలు మామూలే.

జన్యుపటం
@ఎముకలగూడు చెప్పినదానికి డీఎన్‌ఏ వైపు నుంచి కలుపుతాను. 1997లో మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూసి 1,35,000 ఏళ్ల క్రితమే కుక్క విడిపోయిందని ఒక లెక్క వచ్చింది. ఇప్పటికీ చాలా వ్యాసాల్లో అదే తిరుగుతోంది. ఆ తర్వాత సైబీరియాలోని తైమీర్‌లో దొరికిన 35,000 ఏళ్ల నాటి తోడేలు ఎముక జన్యుక్రమం 2015లో వచ్చింది. ఎముక వయసు రేడియోకార్బన్‌తో ముందే తెలుసు కాబట్టి మ్యుటేషన్లు ఎంత వేగంతో పోగవుతాయో నేరుగా కొలవగలిగారు. అనుకున్నదానికంటే వేగం తక్కువని తేలింది. దాంతో విడిపోయిన కాలం 27,000 నుంచి 40,000 ఏళ్ల మధ్యకు వచ్చింది. విడిపోవడం, మచ్చిక కావడం ఒకేరోజు జరిగేవి కావు, ఈ రెండూ కలిపేయకండి.

2022లో లక్ష ఏళ్ల వ్యవధిలోని 72 పురాతన తోడేళ్ల జన్యుక్రమాలు కలిపి చూశారు. కుక్కలన్నీ ఐరోపా పాత తోడేళ్లకంటే యురేషియా తూర్పు వైపు పాత తోడేళ్లకే దగ్గర. అయితే పశ్చిమాసియా, ఆఫ్రికా కుక్కల్లో పశ్చిమ వైపు తోడేళ్ల నుంచి వచ్చిన రెండో వాటా కూడా కనిపిస్తుంది. 11,000 ఏళ్ల క్రితానికే కుక్కల్లో కనీసం ఐదు వంశాలు స్థిరపడి ఉన్నాయి. అంటే వ్యవసాయం ఊపందుకునేనాటికే కుక్క చాలాదూరం నడిచొచ్చింది.

రాతిరిఊళ
మరి పిండిపదార్థం అరిగించే జన్యువు వ్యవసాయంతోనే వచ్చిందంటారు కదా?

జన్యుపటం
ఆ జన్యువు పేరు ఏఎంవై2బీ. తోడేలుకు రెండు కాపీలు, కుక్కల్లో 4 నుంచి 30 దాకా. 2013లో ఇది బయటపడినప్పుడు కుక్క పుట్టుకకు అదే కారణం అన్నట్టు చాలామంది రాశారు. ఆస్ట్రేలియా అడవికుక్క డింగోకూ హస్కీ లాంటి ఉత్తరాది కుక్కలకూ కాపీలు తక్కువే. అవి కుక్కలు కావా? ధాన్యం తినే మనుషుల దగ్గర ఉన్న కుక్కల్లో కాపీలు తర్వాత పెరిగాయి, అంతే. సైజు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఎదుగుదలను నడిపే ఐజీఎఫ్1 అనే జన్యువు దగ్గర చిన్న ఒళ్లుకు కారణమయ్యే రూపం 50,000 ఏళ్ల కిందటి తోడేళ్లలోనే ఉంది. మనుషులు చిన్న కుక్కల్ని ఎంచుకున్నప్పుడు ఆ పాత రూపమే పైకొచ్చింది.

కొత్తచూపు
ఇదంతా నా వాదనకే బలం కదా! అన్నీ ఇన్నివేల ఏళ్లుగా కలగలిసే ఉన్నాయి. ఉత్తర అమెరికాలో నల్ల తోడేళ్లకు ఆ రంగు కుక్కల నుంచే వచ్చిందని చదివాను. వాటినేం తీసేయలేదే?

జన్యుపటం
నిజమే, కాకపోతే ఆ కథ మొత్తం చూడాలి. సీబీడీ103 అనే జన్యువులో మూడు డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయిన రూపం అది. కొన్ని వేల ఏళ్ల క్రితం అప్పటి కుక్కల నుంచి తోడేళ్లలోకి దిగిందని 2009లో తేలింది. ఎల్లోస్టోన్‌లో దాదాపు సగం తోడేళ్లు నల్లవే. ఆ జన్యువు చేసే ప్రొటీన్ రోగనిరోధకానికి సంబంధించినది, రంగు దాని పక్కపని. ఒక కాపీ ఉన్న నల్లతోడేళ్లు డిస్టెంపర్‌ను బాగా తట్టుకుంటాయి. రెండు కాపీలూ అదే అయితే బతుకు బాగా కుదించుకుపోతుంది. అందుకే డిస్టెంపర్ వచ్చిపోయే చోట నల్లది బూడిదదాన్ని, బూడిదది నల్లదాన్ని ఎంచుకునే పోకడ ఎక్కువ కనిపిస్తుందని 2022లో చూపించారు.

ఇక్కడ గమనించాల్సింది, కుక్క నుంచి వచ్చిన ముక్కల్లో పనికొచ్చిన ఒక్కటి మిగిలింది, మిగతావి ఎంపికలో కొట్టుకుపోయాయి. ఆ జల్లెడ పని చేయాలంటే తోడేళ్లు వేలల్లో ఉండాలి. ముప్పై తోడేళ్లున్న చోట ఏది నిలుస్తుందో ఏది పోతుందో అదృష్టం మీద నడుస్తుంది.

మంచుకొండ
అటునుంచి ఇటూ వచ్చాయి. టిబెటన్ మాస్టిఫ్ ఆక్సిజన్ తక్కువున్న ఎత్తుల్లో నెగ్గుకొచ్చేది ఈపాస్1 జన్యువు రూపం వల్ల. అది అక్కడి ఎత్తైన పీఠభూమి తోడేళ్ల నుంచి కుక్కలోకి వచ్చింది. ఆ తోడేళ్లూ భారతీయ తోడేళ్లూ బూడిదరంగు తోడేళ్లలో చాలా పాత కొమ్మలు. వాటిని పోగొట్టుకుంటే మిగతా ప్రపంచంలో ఎక్కడ వెతికినా దొరకవు. అలాంటి పాత కొమ్మలో కుక్క జన్యువులు కలవడం, అలాస్కాలో కలవడం ఒకే లెక్కలోకి రావు.

గడ్డిమైదానం
@కొత్తచూపు, సంకరం ఎప్పుడు పుడుతుందో చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. నిండుగా ఉన్న తోడేళ్ల గుంపు తన హద్దుల్లోకి వచ్చిన కుక్కను జతగా చేసుకోవడం అరుదు, చాలాసార్లు చంపి తినేస్తుంది. జత చచ్చిపోయి, చుట్టుపక్కల ఇంకో తోడేలు లేక, ఆడది ఒంటరిగా ఎదకు వచ్చినప్పుడు కుక్క దగ్గరికి పోతుంది. తోడేలు మగదానికి జతకట్టే కాలం ఏడాదిలో ఒక్కటే. కుక్క మగదానికి ఏడాది పొడవునా కాలమే. కాబట్టి ఎక్కువసార్లు తల్లి తోడేలు, తండ్రి కుక్క. ఆ తండ్రి తర్వాత పిల్లలకు తిండి తేదు.

అమెరికాలోని నార్త్ కరోలినాలో రెడ్ వుల్ఫ్‌లు (అక్కడి అరుదైన తోడేలు జాతి) కొయోటీలతో కలవడం మీద చేసిన పరిశీలనలోనూ ఇదే తేలింది. కలిసిన వాటిలో ఎక్కువ భాగం, ఉన్న జతలో ఒకటి మనిషి చేతిలో, ముఖ్యంగా వేట కాలంలో తూటాకు పోయిన తర్వాతే. జతకట్టే కాలానికి సరిగ్గా ముందు వేట కాలం రావడంతో కొత్త తోడు వెతుక్కునే వ్యవధి కూడా ఉండదు.

అందుకని గుంపులో సంకరం కనిపించిందంటే అక్కడ తోడేళ్లు చెదిరిపోయాయని మొదటి అర్థం. సంకరాల్ని ఏరేసి చేతులు దులుపుకుంటే ఆ చెదరడం అలాగే ఉంటుంది. పుణె చుట్టుపక్కల గడ్డినేలల్లో పూర్తి జన్యుక్రమంతో సంకరం రుజువైన చోటా అంతే, ఊరకుక్కలు గుంపులుగా తిరిగే నేల, ముక్కలైన మైదానం.

నిశాచరి
దీనికి తోడు గుంపును కొట్లాడి గెలిచిన "ఆల్ఫా" ఏలుతుందనే గోల ఒకటి. బాసెల్ జూలో ఒకచోట కలిపి పెట్టిన తోడేళ్లను చూసి 1947లో షెంకెల్ రాసిన మాట అది. అడవిలో గుంపంటే అమ్మా నాన్నా, ఒకటి రెండు ఈతల పిల్లలు. తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లో స్పష్టంగా ఆ పదం వదిలేయమన్నాడు. ఆల్ఫాను కాలిస్తే ఇంకొకటి ఆ కుర్చీ ఎక్కుతుందని కొందరు ఇంకా అనుకుంటారు. అక్కడ కుర్చీ ఏమీ లేదు, పోయింది తల్లో తండ్రో. పిల్లలు చెల్లాచెదురవుతాయి, మిగిలినది జతలేక తిరుగుతుంది. @గడ్డిమైదానం చెప్పిన దారి అక్కడే మొదలవుతుంది.

ల్యాబ్‌బెంచ్
రెండు ల్యాబ్‌లు రెండు రకాలుగా ఎందుకు చెబుతాయన్న దానికి.

మొదట లెక్క. తోడేలు, కుక్క నేరుగా కలిస్తే పిల్లల్లో కుక్క వాటా 50%. ఆ పిల్ల తోడేలుతో కలిస్తే 25. తర్వాత 12.5, 6.25, 3.1. ఇవి సగటులు. మూడో తరం నుంచి ఒకే ఈతలోని అన్నదమ్ముల్లో కూడా ఒకదానికి 3, ఇంకోదానికి 10 ఉండొచ్చు.

పాత పద్ధతిలో 15-20 మైక్రోశాటిలైట్‌లు (డీఎన్‌ఏలో మళ్లీమళ్లీ వచ్చే చిన్న ముక్కల గుర్తులు) చూస్తారు. మొదటి సంకరాన్ని, దాని పిల్లను అవి బాగానే పడతాయి. సంకరం వంశం రెండోసారి తోడేలుతో కలవడం దాటాక చేతులెత్తేస్తాయి. అంత తక్కువ గుర్తులతో వచ్చే 4% అన్న అంకె నిజమైన వాటానో, లెక్కలో యాదృచ్ఛికంగా వచ్చిన తేడానో తేలదు. తోడేలు అనడానికి తోడేలు వాటా ఎంత ఉండాలన్న దానికి ఒక ల్యాబ్ 95%కి గీత గీస్తుంది, ఇంకోటి 90%కి. జంతువు ఒకటే, గీతలే వేరు.

రెండోది, పోల్చడానికి పెట్టుకున్న నమూనాలు. కుక్కల వైపు అన్నీ కెన్నెల్ జాతులే పెట్టి, అడవి అంచున తిరిగే ఊరకుక్కల్ని పెట్టకపోతే అసలు కలిసిన కుక్కే మీ దగ్గర లేనట్టు. తోడేళ్ల వైపు వేరే ఖండం తోడేళ్లను పెడితే స్థానిక తోడేలు తేడాలు "కుక్క"గా కనిపిస్తాయి. డింగోల్లో ఇలాగే జరిగింది. 23 మైక్రోశాటిలైట్‌ల పరీక్ష ఏళ్ల తరబడి చాలా డింగోలను సంకరాలని చెప్పింది. 2023లో దాదాపు 2 లక్షల ఎస్‌ఎన్‌పీలతో (ఒక్క అక్షరం తేడా ఉండే డీఎన్‌ఏ గుర్తులతో) చూస్తే వాటిలో ఎక్కువ భాగం స్వచ్ఛమైన డింగోలే. అప్పటికే ఎన్నింటినో "అడవి కుక్కలు" అని చంపేశారు.

మూడోది, ఒక్క మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూసి తీర్పు చెప్పే రిపోర్టు పక్కన పడేయండి. అది తల్లి వైపు నుంచే వస్తుంది. పైన చెప్పినట్టు తల్లి తోడేలే అయినప్పుడు సగం కుక్క అయిన జంతువు కూడా నూటికి నూరు తోడేలుగా కనిపిస్తుంది. వై క్రోమోజోమ్ తండ్రి వైపు చెబుతుంది గానీ మగవాటిలోనే.

పదివేలకు పైగా ఎస్‌ఎన్‌పీలు ఉంటే శాతం కంటే ముక్కల పొడవు చూడండి. క్రోమోజోము మీద పొడవాటి కుక్క ముక్కలు కొన్ని ఉంటే కలయిక ఈ మధ్యది. చిన్నచిన్న తునకలు చెల్లాచెదురుగా ఉంటే పదుల తరాల నాటిది, దాని జోలికి పోనక్కర్లేదు. 2018లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో యురేషియా తోడేళ్లలో 62% వాటికి ఎంతో కొంత కుక్క తునకలు ఉన్నాయి. వాటన్నిటినీ సంకరాలంటే యురేషియాలో తోడేళ్లే మిగలవు.

రాతిరిఊళ
62%! ఇది పోస్టు పైన పిన్ చేయండి.

కొత్తచూపు
ఇది చాలా ఉపయోగం. మరి నమూనా సేకరణలోనే చెడిపోయిందేమో అని ఎలా తెలుస్తుంది? ఎక్కువమంది మలమే పంపుతారు కదా.

పాదముద్ర
మలం సేకరణలో చెడేవి నాలుగైదు చోట్లే.

ఎండలో రెండు మూడు రోజులు ఉన్నది, వాన తడిసినది వదిలేయండి. పైన తెల్లబడి పొడిపొడిగా రాలుతుంటే డీఎన్‌ఏ ఉండదు. చలికాలం తెల్లవారుజామున దొరికినది అన్నిటికంటే మంచిది. మీకు కావాల్సింది లోపలి గుజ్జు కాదు, అందులో ఉన్నది తోడేలు తిన్న వేట జంతువు డీఎన్‌ఏ. పైపొర మీద జిగురులా మెరిసేది పేగు గోడ కణాలు, అదే తోడేలు. గ్లవ్స్ వేసుకుని, శుభ్రమైన పుల్లతో పైపొరను బఠాణీ గింజంత మూడు నాలుగు చోట్ల గీకండి. మట్టికి తగిలిన వైపు వద్దు, మట్టిలోని హ్యూమిక్ ఆమ్లాలు పీసీఆర్‌ను (ల్యాబ్‌లో డీఎన్‌ఏ కాపీలు పెంచే పని) ఆపేస్తాయి.

95% ఎథనాల్‌లో వేయండి, మలానికి నాలుగింతలు ద్రవం ఉండాలి. ట్యూబు నిండా మలం కుక్కి పైన కాస్త ఎథనాల్ పోస్తే లోపల కుళ్లిపోతుంది. ఇంకా నమ్మకం కావాలంటే 24 నుంచి 36 గంటలు ఎథనాల్‌లో ఉంచి, తీసి సిలికా జెల్‌లోకి మార్చండి. ఒక మలానికి రెండు ట్యూబులు, ఒక గ్లవ్స్ జత. గ్లవ్స్ మార్చకుండా రెండో మలం ముట్టుకుంటే ల్యాబ్‌కి మూడు అల్లీల్‌లు (ఒకే గుర్తు రూపాలు, ఒక జంతువుకు రెండే ఉండాలి) కనిపిస్తాయి, ఆ నమూనా పోయినట్టే.

ట్యూబు మీద మార్కర్‌తో రాస్తే ఎథనాల్ కారి చెరిగిపోతుంది. పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలా ఒకటి వేయండి. తేదీ, అక్షాంశ రేఖాంశాలు, దారి మీదా పొదలోనా, పక్కన పాదముద్రలు ఎన్ని.

ల్యాబ్‌బెంచ్
@పాదముద్ర చెప్పినవన్నీ సరైనవే. ఒకటి గట్టిగా కలపాలి. తోడేలు, కుక్క మలంలో ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు గుడ్లు ఉండొచ్చు. మనిషి కడుపులోకి పోతే కాలేయంలో తిత్తులు కడతాయి. ఎథనాల్ వాటిని నమ్మకంగా చంపదు, మామూలు మైనస్ 20 ఫ్రీజర్ కూడా చంపదు. ల్యాబ్‌లో ట్యూబు తెరిచేముందు మైనస్ 80 దగ్గర వారం ఉంచండి. పొలంలో మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి, పొడి మలం చిదిమితే లేచే దుమ్ములోనే ఉంటుంది ప్రమాదం.

తర్వాత, మలంలో డీఎన్‌ఏ తక్కువ కాబట్టి ఒక్కసారి పీసీఆర్ చేస్తే రెండు అల్లీల్‌లలో ఒకటి కనపడకుండా పోతుంది. రెండు రకాలు ఉన్న జంతువు ఒకే రకంలా తేలుతుంది. కనీసం మూడుసార్లు, అనుమానం వస్తే ఎనిమిదిసార్లు దాకా తిరిగి చేయాలి. రిపోర్టులో ఎన్నిసార్లు చేశారో లేకపోతే అడగండి. వలవేసి పట్టిన జంతువు రక్తమైతే ఈడీటీఏ ట్యూబులోనే తీయండి, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా కలిపే ఇంకో మందు) పీసీఆర్‌కు అడ్డు.

పశువైద్యం
అందరూ జన్యువులే మాట్లాడుతున్నారు. కుక్క వల్ల తోడేలుకు అన్నిటికంటే త్వరగా జరిగే నష్టం జబ్బు. సంకరం ఒక తరంలో ఒక గుంపుకు సోకితే, రేబిస్ ఒక్క సీజన్లో మొత్తం లోయను ఊడ్చేస్తుంది.

ఇథియోపియా తోడేలును చూడండి. పెద్దవి 500 కూడా లేవు, ఎత్తైన పచ్చికనేలల్లో మాత్రమే ఉంటాయి. బాలే పర్వతాల్లో 1991-92, 2003, 2008, 2014లో రేబిస్, 2006, 2010, 2015లో డిస్టెంపర్. కాపరుల వెంట వచ్చే కుక్కలే దారి. అక్కడ రెండు పనులు జరుగుతాయి. చుట్టుపక్కల కుక్కలకు టీకాలు, తోడేళ్లకు మేకమాంసంలో దాచిన నోటి టీకా. తోడేళ్లన్నిటికీ వేయనక్కర్లేదని, లోయల మధ్య దారుల్లో ఉన్న గుంపులకు ముందు వేస్తే 20-40% తోనే పెద్ద వ్యాప్తిని ఆపొచ్చని లెక్కలు చూపించాయి.

కుక్కల టీకాలో తప్పేది ఎక్కడంటే, రేబిస్ ఆగాలంటే 70% కుక్కలకు టీకా ఉండాలన్న అంకె ఒక్కరోజు సాధిస్తే చాలనుకోవడం. ఊరకుక్కలు త్వరగా చస్తాయి, కొత్తవి పుడతాయి. ఏడాది తిరిగేసరికి టీకా ఉన్న వాటా సగానికి పడిపోవచ్చు. ఏటా అదే నెలలో తిరిగి వేయాలి. మూడు నెలల్లోపు కూనల్ని వదిలేసే అలవాటు ఉంది, ఊళ్లో ఉన్న కుక్కల్లో పెద్ద భాగం అవే. రేబిస్ శిబిరంలో వాటికీ వేయండి.

డిస్టెంపర్ విషయంలో జాగ్రత్త. కుక్కలకు వాడే బలహీనపరిచిన సజీవ టీకా కొన్ని అడవి జంతువులకు జబ్బే తెచ్చింది, ఆఫ్రికా అడవికుక్కల్లో చావులూ జరిగాయి. అడవి జంతువుకు వేయాల్సి వస్తే కానరీపాక్స్ ఆధారిత టీకా (సజీవ డిస్టెంపర్ వైరస్ లేనిది) అడగండి.

పార్వో అనే వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. బోనులు, పెట్టెలు మామూలు ఫినాయిల్‌తో కడిగితే పోదు. ముందు మలం, మట్టి పూర్తిగా కడిగి, తర్వాత ఒక వంతు బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్లతో పది నిమిషాలు తడిగా ఉంచాలి. మురికి మీద పోసిన బ్లీచ్ వృథా.

గడ్డిమైదానం
పార్వోకు ఐల్ రాయల్ ఉదాహరణ చాలు. సుపీరియర్ సరస్సులోని ఆ దీవిలో 1980లో 50 తోడేళ్లు, 1982కి 14. ఎవరో తెచ్చిన కుక్కతో వైరస్ దిగిందని అంచనా.

నిశాచరి
ఐల్ రాయల్ మాట వచ్చింది కాబట్టి, నాకు నచ్చని ఒక మాట. "కొత్త రక్తం ఎక్కిస్తే అంతా సర్దుకుంటుంది" అంటుంటారు. 1997లో మంచు మీద నడుచుకుంటూ ఒక మగతోడేలు ఆ దీవికి చేరింది. ఒంటినిండా కొత్త జన్యువులు. పదేళ్లకు గుంపులోని జన్యువుల్లో సగానికి పైగా దానివే. ఆ తర్వాత? దాని పిల్లలు, మనవలు ఒకదానితో ఒకటి జతకట్టి మళ్లీ అదే గుంట. చివరికి రెండే మిగిలాయి, తండ్రీ కూతురు, పైగా ఒకే తల్లి బిడ్డలు. 2018-19లో బయటి నుంచి 19 తోడేళ్లను తెచ్చి వదలాల్సి వచ్చింది. ఒక్క వలస జంతువుతో జన్యురక్షణ అనేది ఆశే.

జన్యుపటం
@నిశాచరి, ఒక్కటి చాలదన్నది ఒప్పుకుంటా, దాంతో మేలే లేదన్నది ఒప్పుకోను. స్కాండినేవియా తోడేళ్లు 1983లో ఈనిన ఒకే జత నుంచి మొదలయ్యాయి. ఎనిమిదేళ్లు ఒకటే గుంపు, పది దాటలేదు. 1991లో తూర్పు నుంచి ఒక్క మగది వచ్చింది, అక్కడినుంచి సంఖ్య ఎగబాకింది. ఐల్ రాయల్‌కూ దీనికీ తేడా స్థలం. దీవిలో చోటు పరిమితం, స్కాండినేవియాలో విస్తరించడానికి నేల ఉంది.

తర్వాత అక్కడా బాకీ తీర్చాల్సి వచ్చింది. అంతఃప్రజనన గుణకం (తల్లిదండ్రులు ఎంత దగ్గరి బంధువులో చెప్పే అంకె) 0.1 పెరిగితే ఒక్కో ఈతలో మొదటి చలికాలం దాటే కూనలు సగటున 1.15 తగ్గాయి. అన్నాచెల్లెళ్ల జతకు పుట్టిన కూన గుణకం 0.25 అని గుర్తుపెట్టుకుంటే ఆ నష్టం ఎంతో తెలుస్తుంది. ఐల్ రాయల్ తోడేళ్ల ఎముకల్లో నడుము, త్రికం కలిసే చోట వెన్నుపూసలు వంకరగా అతుక్కోవడం కనిపిస్తుంది. బయటి తోడేళ్లలో అది అరుదు.

మెక్సికన్ తోడేళ్లన్నిటికీ మూలం ఏడే జంతువులు. అక్కడ ఇప్పుడు జూలో పుట్టిన కూనల్ని అడవి తల్లి గుహలో కలుపుతారు. కూనలకు 14 రోజులు నిండకూడదు, రెండు ఈతల మధ్య వయసు తేడా కొద్ది రోజులే ఉండాలి. గుహలోని కూనల్ని బయటికి తీసి, అన్నిటినీ ఒకదానికొకటి రుద్ది, గుహ మట్టీ మూత్రమూ పూసి వాసన ఒకటి చేసి వెనక్కి పెడతారు. పెద్ద తోడేలును వదిలితే అది జూ అలవాట్లతో మనుషుల దగ్గరికి పోతుంది. కూన అడవి తల్లి దగ్గర అడవిగానే పెరుగుతుంది.

ఎముకలగూడు
అంతరించిన "డైర్ వుల్ఫ్" తిరిగొచ్చిందంటూ 2025లో వార్తల్లో వచ్చిన కూనల్ని కూడా ఇందులో ఎవరో ఒకరు లాగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. డైర్ వుల్ఫ్ అసలు కేనిస్ ప్రజాతే కాదని 2021లో పురాతన డీఎన్‌ఏ తేల్చింది. తోడేళ్ల వంశం నుంచి 57 లక్షల ఏళ్ల క్రితం విడిపోయింది, పేరు ఈనోసయాన్ డైరస్. ఆ కూనలు బూడిదరంగు తోడేళ్లే, 14 జన్యువుల్లో 20 మార్పులు చేశారు. తోడేలు జన్యుక్రమం సుమారు 240 కోట్ల అక్షరాలు. ఆ పరిజ్ఞానం రెడ్ వుల్ఫ్ లాంటి వాటికి పనికొస్తే సంతోషమే, కానీ అంతరించినది తిరిగొచ్చిందని చెప్పడం తప్పు.

మందకాపరి
తోడేలు గుంపు చెదిరేది ఎక్కువగా పశువుల గొడవతో కాల్చడం, విషం పెట్టడం వల్లే. కాబట్టి కంచె గురించి ఇక్కడ చెప్పడం దారి తప్పడమేమీ కాదు.

తోడేలును బెదరగొట్టడానికి మంద చుట్టూ కట్టే గుడ్డపీలికల తాడు చవకైన పని. పీలిక 50 సెం.మీ. పొడవు, రెండింటి మధ్య 50 సెం.మీ., కింది అంచు నేలకు జానెడు ఎత్తులో ఉండాలి. గాలికి పీలిక తాడు చుట్టూ చుట్టుకుంటే ఖాళీ ఏర్పడుతుంది, తోడేలు సరిగ్గా అక్కడే దూరుతుంది. రోజూ నడిచి చూడాలి. అలవాటు పడ్డాక భయం పోతుంది, సుమారు 60 రోజులే నమ్మండి. ఈనే కాలానికి మాత్రమే వాడి తీసేయండి, ఏడాదంతా ఉంచితే అది పొదలాంటిదే.

శాశ్వతంగా అయితే ఐదు తీగల కరెంటు కంచె, పై తీగ 120 సెం.మీ., కింది తీగ 20 సెం.మీ. మించకూడదు. తోడేలు దూకడం కంటే కింద తవ్వి దూరడానికే ముందు చూస్తుంది. 4,000 వోల్టులకు తగ్గితే బొచ్చు మీద పనిచేయదు. గడ్డి పెరిగి తీగకు తగిలితే, ఎండాకాలంలో భూమి ఎండి ఎర్తింగ్ కడ్డీ పనిచేయకపోతే వోల్టేజి పడిపోతుంది. కంచె ఉన్నా దాడి జరిగిందంటే ముందు ఈ రెంటినీ చూడండి.

కాపలా కుక్కలకు టీకా, స్టెరిలైజేషన్ రెండూ చేయించండి. లేకపోతే తోడేలును ఆపే కుక్కే సంకరానికి తండ్రి అవుతుంది.

కొత్తచూపు
సరే, శాతం మీద తీర్పు చెప్పకూడదని, ముక్కల పొడవు చూడాలని, గుంపులు చెదరకుండా చూడాలని అర్థమైంది. మరి నిజంగానే సగం కుక్క అయిన జంతువు ఒక గుంపులో ఉందని తేలితే? దాన్ని కాల్చేయడమేనా?

గడ్డిమైదానం
కాల్చడం చివరి మాట, అదీ ప్రభుత్వ విభాగం చేతుల్లో మాత్రమే. ఐరోపాలో వన్యప్రాణుల రక్షణకు చేసుకున్న బెర్న్ ఒప్పందం కింద 2014లో వచ్చిన 173వ సిఫారసు కూడా సంకరాల్ని తొలగించే పని ప్రభుత్వ నియంత్రణలోనే జరగాలంటుంది. ఎవరైనా చంపొచ్చంటే "సంకరం అనుకున్నా" అని తోడేళ్లను కాలుస్తారు.

ఎక్కువచోట్ల మేలైనది, పట్టి స్టెరిలైజ్ చేసి అదే చోట వదలడం. ఇక్కడ పద్ధతి ముఖ్యం. వృషణాలు తీసేస్తే హార్మోన్లు పోతాయి, హద్దులు కాయడం మానేస్తుంది, దాని నేలలోకి ఇంకో కుక్క దిగుతుంది. మగదానికి వేసెక్టమీ, ఆడదానికి ట్యూబెక్టమీ చేస్తే హార్మోన్లు ఉంటాయి, జతనూ నేలనూ పట్టుకుని ఉంటుంది, పిల్లలు మాత్రం పుట్టవు. రెడ్ వుల్ఫ్‌ల దగ్గర కొయోటీలకు ఇలా చేసి వదిలారు. అవి తమ నేలను వేరే కొయోటీలు ఆక్రమించకుండా కాపాడాయి, తర్వాత రెడ్ వుల్ఫ్ ఆ చోటును గెలుచుకునేది. 14 మూలజంతువుల నుంచి 1987లో మళ్లీ అడవికి చేరిన జాతి అది. ఈ పని బాగా సాగిన రోజుల్లో వంద దాటింది, కాల్పులు పెరిగి ఆ పని ఆగాక అడవిలో ఇరవై లోపుకు పడిపోయింది.

ఒకటి మాత్రం చేయకూడదు. గుంపులో తోడేలు తల్లిని పిల్లల కాలంలో వలవేయడం. సంకరం కోసం వేసిన ఉచ్చులో ఆమె పడి గాయపడితే ఇంకో సంకరానికి మీరే దారి వేసినట్టు.

రాతిరిఊళ
ఫోటోలో వెనక కాళ్లకు పైన అదనపు గోరు కనిపిస్తే సంకరమే అంటారు, నిజమా? నా దగ్గర కెమెరా ట్రాప్ బొమ్మ ఒకటుంది.

పాదముద్ర
వెనక కాలి అదనపు గోరు కుక్క వారసత్వానికి మంచి గుర్తు, తోడేళ్లలో అది మామూలుగా ఉండదు. తెల్లగోళ్లు కూడా అంతే. ఉత్తర అమెరికా బయట నల్లరంగు కూడా అనుమానించదగ్గదే. అయితే గోరు లేనంత మాత్రాన సంకరం కాదని చెప్పలేం, చాలా సంకరాలు చూడ్డానికి అచ్చం తోడేలే. గడ్డి పరక కాలికి అడ్డొస్తే గోరులా కనిపిస్తుంది, వరుసగా ఐదారు ఫ్రేములు చూసి అన్నిట్లో అదే చోట ఉందో లేదో చూసుకోండి.

కెమెరాను కొంచెం కిందికి, మోకాలెత్తుకు దించి, దారికి అడ్డంగా కాకుండా ఏటవాలుగా పెట్టండి. అదే దారిలో రెండు వారాల పాటు తాజా మలం వెతకండి. ఒకే జంతువా, గుంపులో ఎన్ని ఉన్నాయా అన్నది తేలాకే అటవీ శాఖకు రాయండి, బొమ్మ ఒక్కటి పంపితే "కుక్క" అని పక్కన పెట్టేస్తారు.

ల్యాబ్‌బెంచ్
ఆ ట్యూబులతో పాటు ఆ చుట్టుపక్కల ఊరకుక్కల బుగ్గ స్వాబ్‌లు ఓ పదిహేనిరవై కూడా పంపండి. కుక్కల వైపు పోలికకు అవే కావాలి.